నీడలో పెరుగు నేలతాడి



పెద్ద చెట్టు నీడను చిన్న మొక్క పెరుగదని మనవారు తఱచుగా అనుచుందురు. లోకవ్యవహారమునకు ఆ మాట ఎంతవఱకు సరిపడునో పెద్దలైన మీరే ఎఱుగుదురు. తోటపనిలో మాత్రము అది సగము సత్యమే. మిరపకు, వంగకు, బంతికి ఎండ కావలెను. నీడ తగిలినచో అవి కాపు మఱచి పొడవుగా సాగును. కాని ఎండ తగిలినచో మాడి, నీడ దొరకిన చోటనే తలయెత్తు మొక్కలును మన అడవులలో గలవు. మన పెరళ్ళలో వేప క్రిందను, కానుగ క్రిందను, మామిడి క్రిందను ఊరక పడియుండు నేలకు అట్టి మొక్కలే తగిన కాపురస్థులు. వానిలో ఒక దానిని గూర్చి నేడు మనవి చేసెదను. దానిపేరు నేలతాడి.

పేరులోనే దాని రూపము గలదు. తాటిటెంక మొలచినపుడు వెడలు మొదటి ఆకును మీరందఱును చూచియుందురు. మడతలు మడతలుగా, నిలువు గీతలతో, కొన తీఱి యుండును. నేలతాడి ఆకులు అట్లే యుండును. ఎత్తు జానెడు, మిక్కిలి పెరిగినచో మూరెడు. కాండము పైకి కనబడదు. ఆకుల మొదట, దాదాపు నేలనంటి, పసుపువన్నె గల చిన్న పువ్వు ఆఱు రేకులతో విచ్చును. నిలువబడి చూచువానికి అది కనబడదు. వంగి, ఆకులను తొలగించి చూచువానికే కనబడును. కాయ సైతము నేలమట్టముననే యుండి, లోపల నిగనిగలాడు నల్లని గింజలను దాచుకొనును. భూమిలోనికి తిన్నగా దిగియుండు గడ్డ పైకి నలుపు కలసిన గోధుమవన్నెగను, కోసిన లోపల తెల్లగను, జిగటగను ఉండును.

ఈ గడ్డ రోకలివలె నిటారుగా ఉండుటచేత సంస్కృతమున దీనికి ముసలి యని పేరు. ముసలమనగా రోకలి. తాటిని పోలిన మూలిక గనుక తాలమూలిక యనియు అందురు. ఈ రెండు పేర్లును అమరకోశమున వనౌషధివర్గమునందు గలవు. బాల్యమున ఆ వర్గమును గురువుగారియెదుట వల్లించితిని గాని, అందలి మొక్కలలో పదింటినైనను గుర్తింపజాలకయే నా విద్యార్థిదశ గడచినది. మొన్న నా మనుమడు, బజారులో దీనిని నల్లముసలి యని పిలుతురని విని, "తాతా, ఇది గూడ నీవలె ముసలిదేనా?" యని అడిగెను. నేను పెద్ద నవ్వు నవ్వి, రోకలి కథ చెప్పితిని. వాడు నమ్మినట్లు తోచలేదు.

నల్లముసలియని చెప్పితిని గనుక ఒక భేదము చెప్పవలెను. తెల్లముసలి యని అంగళ్ళలో అమ్మునది వేఱొక మొక్క. దాని వేళ్ళు గుత్తులుగా నుండును, పువ్వులు తెల్లనివి. పేర్ల పోలికను బట్టి రెంటిని ఒకటిగా తలపరాదు. సామర్లకోటలో నివసించి కోరమాండలు తీరపు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గు దొర, 1795 మొదలుగా వెలువడిన తన గ్రంథమున నేలతాడి చిత్రమును ముద్రింపించెను. మొక్కలకు మన తెలుగువారు పెట్టిన పేర్లను గూడ ఆయన ఆ గ్రంథమున వ్రాసికొనెను. అమరసింహుడు పేరు చెప్పెను, పరదేశి చిత్రము వ్రాయించెను. నావంటి పండితుడు మధ్యలో మొక్కను పోగొట్టెను. అది ఎట్లో చెప్పెదను.

1989 లో నేను వికారాబాదు ప్రాంతమున, అడవి నానుకొనియున్న ఒక గ్రామమున తెలుగు పండితుడుగా పనిచేయుచుంటిని. మూసీనది పుట్టు అనంతగిరి కొండలు అచ్చటికి దూరము కాదు. బడిలో ప్రదర్శనము జరుగవలసి యుండెను. తక్కిన ఉపాధ్యాయులు పటములు, యంత్రములు సిద్ధపఱచుచుండగా, నేను మూలికల ప్రదర్శనము పెట్టుదునని ప్రతిజ్ఞ చేసితిని. పొలిమేర గుట్ట క్రింద, మోదుగుల నీడలో, నేలతాడి గుంపుగా పెరుగుచుండెను. దానిని త్రవ్వి తెండని పిల్లలతో చెప్పితిని. ఎన్ని తేవలెనో చెప్పలేదు. మఱునాడు వారు గంపనిండ గడ్డలు తెచ్చిరి. నేను సంతోషించి, వారి వీపులు తట్టి, గడ్డలను కడిగించి, సంస్కృతనామములు అందమైన అక్షరములతో వ్రాసి, బల్లపై అమర్చితిని. చూడవచ్చిన పెద్దలు మెచ్చుకొనిరి. ప్రదర్శనము ముగిసినపిమ్మట ఆ గడ్డలు మూల నుండి ఎండిపోయినవి.

మఱుసటి యేట, వానలు పడిన నెలకు, పసుపు పూలను చూపింతునని క్రొత్త తరగతి పిల్లలను ఆ మోదుగుల క్రిందికి తీసికొనిపోయితిని. అచ్చట గడ్డి మాత్రమే యుండెను. ఈ యేడు వాన ఆలస్యమైనదని పిల్లలకు చెప్పితిని. అది అబద్ధమని చెప్పునప్పుడే నాకు తెలియును. తరువాత బదిలీ యైనది. ఆ సంగతి మఱచితిని, లేక మఱచినట్లు నటించితిని.

2016 లో ఉద్యోగవిరమణ చేసి, బడంగ్‌పేటలోని మా యింట స్థిరపడితిని. హైదరాబాదునకు ఆగ్నేయముగా, బాలాపురమునకు, నాదర్‌గులునకు చేరువగా ఉన్న ఊరిది. ఎఱ్ఱని చెలక నేలలు, నడుమ నడుమ నల్లఱాతి గుండ్లు. సాలుకు వర్షము సుమారు 800 మిల్లీమీటర్లు, అందు పెద్దపాలు నైరుతి వానలవలననే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట మామూలు. మా యింటి వెనుక మా తండ్రిగారి నాటి కానుగచెట్టు ఒకటి గలదు. దాని క్రింద ఏమియు పెరుగదని మేము విఱిగిన కుర్చీలను, పాత డబ్బాలను అచ్చట పడవేయుచుంటిమి.

మఱుసటి సంవత్సరము నా మిత్రుడొకడు తన మామిడితోట గట్టుమీద పెరిగిన నేలతాడి గడ్డలు పండ్రెండు తెచ్చి యిచ్చెను. వానిని చూడగనే ఆ గంప జ్ఞప్తికి వచ్చినది. ఈసారి వీనిని బ్రతికింపవలెనని తలచితిని. తలచుట వేఱు, తెలియుట వేఱు. నా మొదటి తప్పు, వానిని మల్లెపాదుల ప్రక్క, మంచి ఎరువు వేసిన ఎండతావున నాటుట. ఇంటికి వచ్చిన చుట్టమునకు మంచి చోటే ఇయ్యవలెను గదా! ఆషాఢమున ఆకులు చక్కగా వెడలినవి. శ్రావణమున పది దినములు వాన వెనుదీయగనే కొనలు మాడి, ఆకులు చుట్టుకొనిపోయినవి. ఏడు మొక్కలు చచ్చి, ఐదు మిగిలెను.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. చలికాలము కడపట ఆ యైదింటి ఆకులును ఎండి రాలెను. నాకు భయము కలిగినది. దినమునకు రెండుమాఱులు నీరు పోసితిని. చైత్రవైశాఖములలో సైతము మానలేదు. "నిద్రపోయినవారి నోట నీళ్ళు పోయుచున్నారేమండీ" యని నా భార్య హెచ్చరించెను. ఆమె పండితురాలు కాదు గనుక నేను లెక్కచేయలేదు. రోహిణి కార్తెలో త్రవ్వి చూచితిని. మూడు గడ్డలు కుళ్ళి చేతికి జిగురుగా అంటినవి. రెండు మాత్రము గట్టిగా ఉండెను.

అప్పుడు కూర్చుండి ఆలోచించితిని. ఈ మొక్క పుట్టినయిల్లు ఎట్టిది? మన తెలంగాణపు అడవులు ఆకురాల్చు అడవులు. వర్షకాలమున టేకు, మద్ది, మోదుగు దట్టముగా చిగిర్చి నేలను కప్పును. ఆ నీడలోనే నేలతాడి మేల్కొని, ఆకువేసి, పూచి, గడ్డలో ఆహారము కూడబెట్టుకొనును. చలికాలపు తుదకు చెట్లు ఆకులు రాల్చును. వేసవియెండ అడ్డములేక నేలను కాల్చునప్పటికి ఇది పైభాగమును వదలి, రాలిన ఆకుల క్రింద, మట్టిలో నిద్రించుచుండును. అనగా మేల్కొనియున్న దినములలో ఇది తీవ్రమైన ఎండను ఎఱుగదు, నిద్రించు దినములలో తడిని ఎఱుగదు. నేను దానికి మెలకువలో ఎండను, నిద్రలో నీటిని ఇచ్చితిని. ప్రేమతోనే యిచ్చితిని. అయినను అది చచ్చినది.

మిగిలిన రెండు గడ్డలను 2018 లో మృగశిర కార్తెయందు కానుగ క్రింద నాటితిని. అటుపిమ్మట నేను నేర్చినదంతయు క్రమముగా చెప్పెదను. మీ పెరటిలో వేయదలచినవారు జ్ఞాపకముంచుకొనుడు.

ముందుగా నీడ. చీకటి కాదు, నీడ. ఆకుల సందులనుండి ఎండ చుక్కలుచుక్కలుగా పడుచోటు శ్రేష్ఠము. ఉదయపుటెండ కొంత తగిలినను బాధలేదు. మధ్యాహ్నపుటెండ తగులరాదు. కానుగ, వేప, పలుచని మామిడి మంచివి. చెట్టు మొదలు నంటి నాటక, రెండు మూడు మూరల దూరమున నాటినచో పెద్ద వేళ్ళ బాధ తగ్గును. చెట్టు లేనివారు ఇంటికి ఉత్తరపు ప్రక్క నీడను ఉపయోగింపవచ్చును.

తరువాత నేల. నీరు నిలిచి జాలుపట్టు నేల పనికిరాదు. మన చెలక మట్టి దీనికి సరిపడును గాని, అందు చివికిన ఆకు లేదు. గుంటలో వేసి ఒక సంవత్సరము కుళ్ళనిచ్చిన ఆకుపెంటను మట్టితో సగపాలుగా కలిపి, జానెడు లోతున పఱపవలెను. పచ్చి పెంట వేయరాదు. అంగడి ఎరువుల అవసరము లేదు. మట్టము చుట్టునున్న నేలకంటె బెత్తెడు ఎత్తుగా నుంచినచో వాననీరు జాఱిపోవును.

నాటుటకు కాలము తొలకరి. గడ్డ పైకొన యందు మొగ్గ యుండును. ఆ మొగ్గతో అంగుళము పొడవు ముక్క కోసి, కోతపై బూడిద అద్ది, ఒక పూట నీడలో ఆఱనిచ్చి, మొగ్గ పైకుండునట్లు రెండంగుళముల లోతున పెట్టవలెను. ముక్కకు ముక్కకు నాలుగు అంగుళములు ఎడముండిన చాలును. నెలదినముల వఱకు ఏమియు కనబడకపోవచ్చును. తొందరపడి త్రవ్వి చూడరాదు. గింజలును మొలచును గాని, తక్కువగా మొలచును, మిక్కిలి నెమ్మదిగా మొలచును.

ఇక నాకు మిగుల ఆశ్చర్యము కలిగించిన సంగతి యొకటి. 2019 శ్రావణమున ఒక ఆకు వంగి దాని కొన నేలనంటినది. కొన్నాళ్ళకు ఆ కొననుండి చిన్న వేళ్ళును, దానిపై చిట్టి ఆకులును వెడలినవి. ఆకుకొన తల్లియై పిల్లను కన్నది! తరువాత నేను కొన్ని ఆకుల కొనలపై పిడికెడు ఆకుమట్టి వేసి, చిన్న ఱాయి బరువుంచి, అట్లే పిల్లలను పెంచితిని. గడ్డను త్రవ్వకుండ వంశము పెంచుకొను ఉపాయమిది. మీరును దీనినే ముందుగా ప్రయత్నింపుడు.

నీటి విషయము స్వల్పము. వానలున్నంతకాలము వానయే చాలును. వారము దినములు వాన లేకున్న ఒకమాఱు తడుపవలెను. ఆకులు పసుపువాఱునపుడు నీరు తగ్గించి, ఎండినపుడు పూర్తిగా మానవలెను. చెట్టు రాల్చిన ఆకులను ఊడ్వక, ఆ మడిపైననే దుప్పటివలె నుండనీయవలెను. ఆ చోట నాలుగు మూలల ఱాళ్ళు పాతి గుర్తుంచవలెను. గుర్తు లేనిచో వేసవిలో ఎవరో పారతో అచ్చట గుంట త్రవ్వుదురు. వానకాలములోనేమో గడ్డి యనుకొని పెఱికివేయుదురు. మా పనిమనిషి ఒకసారి నాలుగు మొక్కలు పెఱికినది. తాటిమొలకలనుకొంటినని చెప్పినది. ఆమె తప్పేమున్నది? పేరు పెట్టిన పూర్వులకును అట్లే తోచినది గదా. పందికొక్కులు గడ్డలకై వచ్చును. మడిచుట్టు ఇనుపజాలి జానెడు లోతున పాతినపిమ్మట వాని బాధ తప్పినది.

ఇప్పుడు మీలో కొందఱు, ఇంత శ్రమపడి పెంచిన గడ్డతో ప్రయోజనమేమని అడుగవచ్చును. ఆయుర్వేదమున దీనికి బలకరమైన మూలికయని ప్రసిద్ధి గలదు. కాని నేను వైద్యుడను కాను. శోధనము, మోతాదు, అనుపానము తెలియక ఏ గడ్డనైనను నూఱి త్రాగుట ప్రమాదమని మాత్రము చెప్పగలను. వైద్యుని అడిగి వాడుకొనుడు. నేను ఒక్క గడ్డయు తినలేదు. వానకాలపు ప్రొద్దుట వంగి ఆ పసుపు పువ్వును చూచుటయే నాకు చాలిన ఫలము.

అంతకంటె పెద్ద ప్రయోజన మొకటి గలదు. ఈ గడ్డకు బేరము గలదు గనుకనే అడవిలో దీనిని త్రవ్వుచున్నారు. ఆకును కోసినచో మొక్క మరల చిగిర్చును. గడ్డను తీసినచో మొక్కయే పోవును. నా మడిలో వ్రేలంత గడ్డ యగుటకు మూడు వానకాలములు పట్టినది. త్రవ్వుటకు ఒక నిమిషము చాలును. ఈ రెండు లెక్కలు సరిపోవు. రక్షిత వనములలో మొక్కలను పెఱుకుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. కాని చట్టము గుట్టగుట్టకును కావలి యుండజాలదు. మన పెరటిలో పదిమొక్కలున్నచో, కావలసినవానికి అందుండి ఒక పిల్ల నిచ్చి, అడవిదానిని అడవిలోనే యుండనిమ్మని చెప్పవచ్చును.

దీనికి మొదట కావలసినది గడ్డ కాదు, నీడ యని మరల మనవి చేయుచున్నాను. 2008 లో శంషాబాదున విమానాశ్రయము తెఱచినపిమ్మట మా ప్రాంతపు భూముల రూపు మాఱినది. నేను చిన్నతనమున ఆడుకొన్న మామిడితోటలు ఇంటిస్థలములైనవి. ఇండ్లు కట్టుకొనవలదని అనుట న్యాయము కాదు, మాదియు ఇల్లే. కాని స్థలము చదును చేయునపుడు అందున్న ఒక వేపనో, కానుగనో విడువుమని పిల్లలకు చెప్పగలవారు ఇంటి పెద్దలే. చెట్టు కొట్టినపిమ్మట నేలతాడిని గూర్చి మాటలాడుట వ్యర్థము.

కడపట ఆ గంప సంగతి. 2023 నాటికి నా కానుగ క్రింద నలువదికి పైగా మొక్కలైనవి. ఆ యేడు జూలైలో ఇరువది మొక్కలను ఆకుమట్టితో కూడ తీసి, తడిగోనెలో చుట్టి, ఆ పాత గ్రామమునకు పోయితిని. నాడు గంప మోసిన పిల్లలలో నొకడు నేడు నలువదియేడేండ్ల రైతు. గ్రామపెద్దలతో మాటలాడి, ఆ గుట్ట క్రిందికి నన్ను తోడ్కొనిపోయెను. మోదుగులు కొన్ని మిగిలియున్నవి. అతడు గుంటలు తీయుచు, తలయెత్తకయే ఇట్లనెను:

"సారూ, ఆ యేడు మేము ఒక్క గడ్డ గూడ ఇడిశిపెట్టలే. గంప నిండాలె, మీరు మెచ్చుకోవాలె అని ఉండె మాకు."

అతడు నన్ను నిందింపలేదు. తన బాల్యమును తలచుకొని సంతోషముగనే చెప్పెను. నాకు మాత్రము నోట మాట రాలేదు. ముప్పదేండ్లకు పైగా వేలమంది పిల్లలకు ధాతువులను, సంధులను నేర్పితిని. వారిలో ఎందఱు వానిని జ్ఞాపకముంచుకొనిరో తెలియదు. ఒక్క గడ్డయైనను విడువరాదని నేను చెప్పకయే నేర్పిన పాఠమును మాత్రము ఇతడు మఱువలేదు. అప్పుడు, "నాయనా, అది నా తప్పు. సగము విడిచి రండని నేను చెప్పవలసియుండెను" అంటిని. అతడు ఒక క్షణము నావంక చూచి, "గిప్పుడు పెడుతున్నం గద సారూ" అనెను. ఇద్దఱము కలసి తక్కినవి నాటితిమి.

2024 జూలైలో అతడు టెలిఫోనులో మాటలాడెను. ఇరువదింటిలో పదునొకండు మరల తలయెత్తినవనియు, ఒకటి పూచినదనియు చెప్పెను. గొఱ్ఱెల కాపరులకు చెప్పి చుట్టు ముండ్లకంప వేయించితినని గూడ అనెను. నాడు గంపలో వచ్చిన గడ్డలెన్నో నేను లెక్కపెట్టలేదు, గనుక ఎంత తీర్పవలెనో నాకు తెలియదు. ఏటేట పదేసి తీసికొనిపోవుచుంటిని. ఈ యేడును పోయెదను.

మీ పెరటిలో చెట్టు క్రింద పాత డబ్బాలున్నచో వానిని తీసివేయుడు. రాలిన ఆకులను తగులబెట్టక ఒక గుంటలో వేయుడు. వచ్చు మృగశిరకు ఆ చోటు సిద్ధమై యుండును.